రెక్కీ సైనికుడు కావాలంటే ఏ గుమ్మం తట్టాలి: ఘాతక్, పారా ఎస్‌ఎఫ్, మార్కోస్, గరుడ్, మరికొన్ని దారుల పోలిక

పదో తరగతో ఇంటర్మీడియెటో ముగించుకుని, తెల్లవారకముందే ఊరి బయట రోడ్డు మీద పదహారు వందల మీటర్లు పరుగెత్తే కుర్రవాళ్లను సైన్యంలో ఏమవుదామనుకుంటున్నారని అడిగితే, వారిలో చాలామంది ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "కమాండో" అంటారు. ఆ కోరికను నేను తేలికగా తీసుకోను. పందొమ్మిదేళ్లకే దేశం గర్వించే పని చేసిన సైనికులు మన కళ్ల ముందే ఉన్నారు. కానీ కమాండో కావడానికి దారి ఒక్కటే కాదు. ఒక్కో దారికి ప్రవేశం వేరు, వయసు లెక్క వేరు, మధ్యలో ఆగిపోతే చేరుకునే చోటు వేరు. దరఖాస్తు నింపే రోజున ఈ తేడాలు తెలియకపోతే, నాలుగేళ్ల తర్వాత వాటిని తెలుసుకోవడం చాలా ఖరీదైన పాఠమవుతుంది.

శత్రువు కంటపడకుండా అతని సమీపానికి వెళ్లి, చూసి, లెక్కించి, క్షేమంగా తిరిగి వచ్చి చెప్పే పనిని, అంటే రెక్కీని, లక్ష్యంగా పెట్టుకున్న యువకుల కోసం ఈ పోలిక రాస్తున్నాను. దాడి చేయడం కూడా ఈ దళాల పనే అయినా, ముందు చూడనిదే ఎవరూ దాడి చేయలేరు.

## ముందుగా, ఆ పని ఎలా ఉంటుంది

శత్రువు నడిచే దారి కనిపించే ఒక కొండవాలు మీద, పొదల వెనక, రెండు చాపలు పరిచినంత జాగాలో నలుగురు బోర్లా పడుకుని ఉంటారని ఊహించండి. ఒకరు దుర్భిణీలో చూస్తుంటారు, ఒకరు చూసినది చిన్న పుస్తకంలో రాస్తుంటారు, ఒకరు వెనకవైపు కాపలా కాస్తుంటారు, నాలుగో మనిషి నిద్రపోతుంటాడు. కొంతసేపటికి వంతులు మారతాయి. పొయ్యి వెలిగించకూడదు, దగ్గు వచ్చినా గుడ్డ అడ్డుపెట్టుకుని ఆపుకోవాలి, తిన్న పొట్లం కాగితం దగ్గర నుంచి ప్రతి చెత్తనూ సంచిలోనే వెనక్కి తీసుకుపోవాలి. పుస్తకంలో రాసేది కూడా "05:40, రెండు ట్రక్కులు, ఉత్తరం నుంచి, ఖాళీవి" అన్నంత పొడిగా ఉంటుంది. రెండు రోజులు ఏమీ జరగకపోవచ్చు. అలా ఏమీ జరగలేదన్న మాటను కూడా కచ్చితంగా రాసి తెచ్చేవాడే మంచి రెక్కీ సైనికుడు.

ఈ దృశ్యం చదివి మీకు ఉత్సాహం తగ్గితే అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. సైన్యంలో గౌరవప్రదమైన పనులు ఇంకా చాలా ఉన్నాయి. చదివాక కూడా మనసు అటే లాగుతుంటే మాత్రం మిగిలినది శ్రద్ధగా చదవండి.

## దేన్ని బట్టి పోల్చాలి

మొదటి కొలమానం ప్రవేశం. మీ వయసుతో, చదువుతో ఆ సేవలోకి అడుగుపెట్టగలరా అన్నది ముందుగా తేలాలి. రెండోది కాలం. చేరిన తర్వాత అసలు రెక్కీ పనికి చేరుకోవడానికి ఎంత సమయం పడుతుందో చూడాలి. మూడోది పని స్వభావం. కొండా, అడవా, సముద్రమా, యంత్రాల ముందు కూర్చునే పనా అన్నది మీ ఒంటికీ మనసుకూ సరిపోవాలి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యమని నా నమ్మకం, యువకులు అన్నిటికంటే తక్కువగా ఆలోచించేదీ అదే. ప్రత్యేక దళాల ఎంపికకు వెళ్లినవారిలో అత్యధికులు నెగ్గరు. మోకాలు దెబ్బతినవచ్చు, జ్వరం రావచ్చు, ఒక రాత్రి మనసు లొంగిపోవచ్చు. అలా వెనక్కి పంపించిన రోజున మీరు ఏ యూనిట్‌కు, ఏ ఉద్యోగానికి తిరిగి వెళతారో, ఆ జీవితాన్ని మీరు ఇష్టంగా బతకగలరో లేదో ఇప్పుడే తేల్చుకోవాలి. మాతృదళం నచ్చకుండా బ్యాడ్జి కోసమే చేరినవాడికి ఎంపికలో ఓడితే మిగిలేది చేదు ఒక్కటే.

ఐదోది ఉద్యోగ భద్రత. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం తర్వాత సిపాయి, నావికుడు, ఎయిర్‌మన్ స్థాయి ప్రవేశం నాలుగేళ్లకే పరిమితమైంది. ఇలా చేరేవారినే అగ్నివీరులంటారు. ఒక్కో బ్యాచ్‌లో 25 శాతం మందిని మాత్రమే ఆ తర్వాత కనీసం 15 ఏళ్ల సర్వీసుకు నిలుపుకుంటారు. పథకం ప్రకటించినప్పుడు నెల ప్యాకేజీని మొదటి ఏడాదికి 30,000 రూపాయలుగా, నాలుగో ఏడాదికి 40,000 రూపాయలుగా నిర్ణయించారు. అందులో 30 శాతం నిధికి జమ అవుతుంది. ప్రభుత్వం కూడా అంతే జమ చేస్తుంది కాబట్టి, వెళ్లిపోయేవారికి చివర్లో వడ్డీ కాక సుమారు 10.04 లక్షల రూపాయలు సేవానిధిగా అందుతుంది. ఆ నాలుగేళ్లలో శిక్షణకు పోయే నెలలను తీసివేసి చూస్తేనే రెండో కొలమానానికి ఎంత విలువ ఉందో అర్థమవుతుంది.

| దారి | ప్రవేశం | రెక్కీ పనికి చేరే తీరు | నెగ్గకపోతే |
|---|---|---|---|
| ఘాతక్ ప్లాటూన్ | సైన్యం, అగ్నివీర్ జీడీ (జనరల్ డ్యూటీ), పదో తరగతి | సొంత బెటాలియన్‌లోనే ఎంపిక | అదే బెటాలియన్‌లో సైనికుడు |
| పారా ఎస్‌ఎఫ్ | సైన్యం, స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారు | కఠినమైన ప్రొబేషన్ తర్వాత | మరో యూనిట్‌కు, లేదా వచ్చిన యూనిట్‌కు |
| మార్కోస్ | నౌకాదళం, స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారు | దీర్ఘకాలపు శిక్షణ తర్వాత | ఓడ మీదో తీరంలోనో నావికుడు |
| గరుడ్ | వాయుసేన | దీర్ఘకాలపు శిక్షణ తర్వాత | వాయుసేనలో ఇతర విధులు |
| సాటా రెజిమెంట్లు | సైన్యం, ఆర్టిలరీ | ట్రేడ్ శిక్షణతోనే | ఆర్టిలరీలోనే మరో పని |
| కోబ్రా | సీఆర్పీఎఫ్, పదో తరగతి | సీఆర్పీఎఫ్‌లో చేరాక ఎంపిక | శాశ్వత ఉద్యోగం నిలుస్తుంది |
| గ్రేహౌండ్స్ | రాష్ట్ర పోలీసు | పోలీసు శాఖలో చేరాక ఎంపిక | శాశ్వత ఉద్యోగం నిలుస్తుంది |

## ఘాతక్ ప్లాటూన్: చాలామంది చూడకుండా దాటిపోయే గుమ్మం

పదాతిదళంలోని ప్రతి బెటాలియన్‌కూ ఒక ఘాతక్ ప్లాటూన్ ఉంటుంది. అందులో ఇరవై మందికి కాస్త అటూఇటూగా ఉంటారు. బెటాలియన్ కదలడానికి ముందు దారిని, శత్రువు స్థావరాన్ని చూసి రావడం, మెరుపుదాడులు చేయడం వీరి పని. కర్ణాటకలోని బెలగావిలో జరిగే కమాండో కోర్సుకు బెటాలియన్లు ఇలాంటివారినే పంపుతుంటాయి.

1999 జూలై 4న టైగర్ హిల్ మీద నిటారైన కొండచరియను తాళ్ల సాయంతో ఎక్కింది 18 గ్రెనేడియర్స్ బెటాలియన్‌కు చెందిన ఘాతక్ ప్లాటూనే. ఆ పోరులో ఒంటి నిండా తూటాలు దిగినా ముందుకు సాగి పరమవీర చక్ర అందుకున్న గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్‌కు అప్పటికి 19 ఏళ్లు. ఏ ప్రత్యేక దళంలోనూ చేరకుండా, తన బెటాలియన్ సైనికుడిగానే ఆయన ఆ కొండ ఎక్కారు. బ్యాడ్జి లేకపోతే పెద్ద పని దొరకదనుకునే కుర్రవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ సంగతే.

ఈ దారికి ఉన్న పెద్ద బలం కాలం. మీ కమాండింగ్ అధికారి, మీ సుబేదారు మిమ్మల్ని రోజూ చూస్తుంటారు. బరువుతో ఐదు కిలోమీటర్ల పరుగులో, ఫైరింగ్‌లో, రాత్రి గస్తీలో మీ పనితనం వారికి తెలిసిపోతుంది. ఎంపిక కోసం వేరే ఊరికి వెళ్లి నెలల తరబడి అపరిచితుల మధ్య నిరూపించుకోవలసిన అవసరం లేదు. ప్లాటూన్‌లో చోటు దొరకకపోయినా మీ మిత్రులు, మీ భోజనశాల, మీ కంపెనీ అక్కడే ఉంటాయి. నాలుగేళ్ల కాలపరిమితి ఉన్న అగ్నివీరుడికి ఇది చిన్న విషయం కాదు.

లోటు కూడా చెప్పాలి. పరికరాలూ, శిక్షణ అవకాశాలూ ప్రత్యేక దళాల స్థాయిలో ఉండవు. బెటాలియన్ శాంతి ప్రాంతంలో ఉన్నప్పుడు ఘాతక్ సైనికుడి రోజులు కూడా పరేడ్‌లతో, డ్యూటీలతో గడిచిపోతాయి. మీకు ఏ రెజిమెంట్ కేటాయిస్తారన్నది కూడా పూర్తిగా మీ చేతిలో ఉండదు. మన తెలుగువారిలో చాలామంది నీలగిరుల్లోని వెల్లింగ్టన్ కేంద్రంగా ఉన్న మద్రాస్ రెజిమెంట్‌కు వెళతారు, అక్కడికి వెళితే ఈ దారి తెరిచే ఉంటుంది. ఇంజనీర్లలోనో సిగ్నల్స్‌లోనో పడితే ఇది మూసుకుపోయినట్లే. ద్రాస్‌లో 2025 జూలై 26న సైన్యాధిపతి ప్రకటించిన భైరవ్ లైట్ కమాండో బెటాలియన్లు, పదాతిదళంలో డ్రోన్ ప్లాటూన్లు ఈ పనికి చోటును ఇంకా పెంచే దిశలో ఉన్నాయి కాబట్టి, ఇప్పుడు చేరేవారు వాటి మీద ఒక కన్ను వేసి ఉంచాలి.

## పారా ఎస్‌ఎఫ్: అందరూ కోరుకునేది, కొందరికే దొరికేది

పారాచూట్ రెజిమెంట్ శిక్షణ కేంద్రం బెంగళూరులో ఉంది. 1966లో 9 పారా, మరుసటి ఏడాది 10 పారా ఏర్పడడంతో మన ప్రత్యేక దళాల కథ మొదలైంది. 1978లో 1 పారా ఆ కోవలో చేరింది. ఒక్కో బెటాలియన్‌కు తనదైన భూభాగం ఉంది, ఉదాహరణకు 10 పారాకు ఎడారి పోరాటం ప్రత్యేకత. శత్రు భూభాగం లోపలికి చొచ్చుకుపోయి చేసే లోతైన రెక్కీ వీరి ప్రధాన బాధ్యతల్లో ఒకటి. 2016 సెప్టెంబర్‌లో నియంత్రణ రేఖ దాటి చేసిన సర్జికల్ దాడుల్లో పాల్గొన్నది 4, 9 పారా బెటాలియన్ల సైనికులే.

ఇక్కడికి స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారినే తీసుకుంటారు. రిక్రూట్‌గా ఉన్నప్పుడే పారాచూట్ రెజిమెంట్‌కు వచ్చేవారు కొందరైతే, ఇతర యూనిట్లలో కొంతకాలం పనిచేసి వచ్చేవారు మరికొందరు. ఎస్‌ఎఫ్ బెటాలియన్‌లో ప్రొబేషన్ నెలల తరబడి సాగుతుంది. నిద్ర లేకుండా, బరువు దించకుండా, ఎప్పుడు ముగుస్తుందో చెప్పకుండా నడిపించడమే ఆ పరీక్ష అసలు స్వభావం. దూరం తెలిసిన పరుగును శరీరం ఓర్చుకుంటుంది, దూరం తెలియని నడకను మనసు ఓర్చుకోవాలి. ఆ తర్వాత ఆగ్రాలోని పారాట్రూపర్స్ శిక్షణ పాఠశాలలో ఐదుసార్లు పారాచూట్‌తో దూకాలి, వాటిలో ఒకటి రాత్రివేళ ఉంటుంది. అవి పూర్తయితేనే పారా రెక్కలు వస్తాయి. బలిదాన్ బ్యాడ్జి ప్రత్యేక దళాలవారికి మాత్రమే దక్కుతుంది.

తెలుగువారికి ఇది అందని పండు కాదు. 2021 డిసెంబర్ 8న జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో అమరుడైన చిత్తూరు జిల్లా బిడ్డ లాన్స్ నాయక్ బి. సాయితేజ పారా ఎస్‌ఎఫ్ సైనికుడే.

అయినా నాలుగేళ్ల లెక్క ఇక్కడ బరువుగా పడుతుంది. రిక్రూట్ శిక్షణ, ప్రొబేషన్, ఆ తర్వాత వరుసగా వచ్చే ప్రత్యేక కోర్సులు కలిపితే, జట్టులో పూర్తి స్థాయి సభ్యుడిగా పనికి దిగేసరికి మీ కాలంలో గణనీయమైన భాగం కరిగిపోయి ఉంటుంది. ఆ తర్వాత నిలుపుకునే 25 శాతంలో చోటు కోసం మళ్లీ పోటీ పడాలి. శరీరం సిద్ధంగా ఉండి, ఇంటి బాధ్యతలు తక్కువగా ఉండి, తిరిగి పంపినా మరో యూనిట్‌లో తలెత్తుకుని పనిచేయగల మనసు ఉన్నవారు నేరుగా ఈ గుమ్మం తట్టవచ్చు. మిగిలినవారు ముందు పదాతిదళంలో స్థిరపడి, ఘాతక్‌లో రాటుదేలి, ఆ తర్వాత ప్రొబేషన్‌కు వెళ్లడం మేలని నా అభిప్రాయం. ఆలస్యమవుతుందన్న బెంగ సహజమే అయినా, ఆ ఏడాదిన్నరలో ఎముక గట్టిపడుతుంది, మ్యాప్ చదవడం వస్తుంది, హిందీ వస్తుంది.

## మార్కోస్: ఈత వచ్చుననే భ్రమను ముందే వదిలించుకోవాలి

నౌకాదళపు ప్రత్యేక దళం 1987లో ఏర్పడింది. దాని ప్రధాన స్థావరం ముంబయిలోని ఐఎన్‌ఎస్ అభిమన్యు. తూర్పు తీరంలో విశాఖపట్నంలో ఐఎన్‌ఎస్ కర్ణను 2016లో ప్రారంభించారు. తీరప్రాంత రెక్కీ, నీటి అడుగున పని, ఓడలను స్వాధీనం చేసుకోవడం వీరి ప్రత్యేకత. కశ్మీర్‌లోని వూలర్ సరస్సు మీద కూడా వీరు గస్తీ తిరిగారు. 2024 మార్చిలో సముద్రపు దొంగల చేతిలో ఉన్న ఎంవీ రుయెన్ ఓడ కోసం వాయుసేన సీ-17 విమానం నుంచి నడి సముద్రంలోకి దిగారు. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది ఓడ సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు.

ఈ దారిలో ముందుగా నావికుడు కావాలి. గణితం, భౌతికశాస్త్రం ఉన్న ఇంటర్మీడియెట్‌తో ఎస్‌ఎస్‌ఆర్ విభాగానికి, పదో తరగతితో ఎంఆర్ విభాగానికి దరఖాస్తు చేసుకోవచ్చు. తొలి శిక్షణ ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో జరుగుతుంది. ఆ తర్వాత స్వచ్ఛందంగా పేరు ఇస్తే మూడు రోజుల శారీరక, మానసిక పరీక్షతో వడపోత మొదలవుతుంది. అందులో నెగ్గినవారిని నిద్రకు కరువైన వారాలు కుదిపేస్తాయి. కోచిలో డైవింగ్, ఆగ్రాలో పారాచూట్ శిక్షణ ఆ తర్వాత వస్తాయి.

పొలం బావిలోనో కాలువలోనో ఈదుతూ పెరిగిన కుర్రవాళ్లు తమకు నీళ్ల భయం లేదంటారు, అది నిజమే. కానీ బట్టలతో, బూట్లతో, చేతులు కట్టేసినట్లుగా ఉన్నప్పుడు, నీళ్లు ముక్కులోకి వెళుతున్నప్పుడు కంగారు పడకుండా ఉండడం వేరే విద్య. చేరడానికి ముందే శిక్షకుడి సమక్షంలో కొలనులో నెలల తరబడి అలవాటు చేసుకోకపోతే ఈ దారి ఎంచుకోవద్దు. శిక్షకుడు లేకుండా ఊపిరి బిగబట్టే సాధన మాత్రం ఎప్పుడూ చేయకండి, నీటి అడుగున స్పృహ తప్పితే పైకి తేవడానికి ఎవరూ ఉండరు.

నెగ్గకపోతే మీరు ఓడ మీద నావికుడిగా ఉంటారు. ఇనుప గోడల మధ్య నెలల ప్రయాణం, ఇంజన్ల వేడి, వంతుల కాపలా మీకు ఇష్టమేనా అని ప్రశ్నించుకోండి. ఇష్టమే అయితే తూర్పు తీరపు పిల్లలకు ఇది చక్కని దారి.

## గరుడ్

వాయుసేన 2004లో ఈ దళాన్ని నిలబెట్టింది. శిక్షణ కేంద్రం ఉత్తరప్రదేశ్‌లోని చాందీనగర్‌లో ఉంది. వైమానిక స్థావరాల రక్షణ, కూలిన విమానాల పైలట్లను శత్రు భూభాగం నుంచి తీసుకురావడం, విమానాలకు లక్ష్యాలను చూపించడం వీరి ప్రధాన పనులు. సైన్యంతో కలిసి కశ్మీర్‌లోనూ పోరాడారు. అక్కడ 2017లో ప్రాణాలర్పించిన కార్పొరల్ జ్యోతి ప్రకాశ్ నిరాలాకు మరణానంతరం అశోక చక్ర లభించింది.

రెక్కీనే ప్రధానంగా కోరుకునేవారికి ఇది మొదటి ఎంపిక కాదని నేను అనుకుంటాను, ఎందుకంటే దళం చిన్నది, పనిలో స్థావరాల రక్షణ వాటా పెద్దది. ఇంటర్మీడియెట్‌లో మొత్తం మీదా, ఇంగ్లీషులోనూ 50 శాతం మార్కులు అడిగే వాయుసేన ప్రవేశం చదువులో గట్టివారికి అనుకూలం. గరుడ్‌కు ఎంపిక ఏ విధంగా చేస్తారో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చదివి, అనుమానం ఉంటే ఎయిర్‌మెన్ ఎంపిక కేంద్రంలోనే అడిగి తెలుసుకోవాలి.

## సాటా: కళ్లతో, లెక్కలతో చేసే రెక్కీ

ఈ పేరు మన కుర్రవాళ్లలో చాలామంది వినలేదు. ఆర్టిలరీలో నిఘా, లక్ష్యసేకరణ కోసం ప్రత్యేక రెజిమెంట్లు ఉన్నాయి. దూరాన్ని చూసే కెమెరాలు, డ్రోన్లు, శత్రువు పేల్చిన గుండు వంపును పట్టి ఫిరంగి ఎక్కడుందో చెప్పే స్వాతి వంటి రాడార్లు వీటి పరికరాలు. డీఆర్‌డీవో రూపకల్పన చేసిన ఆ రాడార్‌ను భారత్ ఎలక్ట్రానిక్స్ తయారు చేస్తుంది. ఆర్టిలరీ శిక్షణ కేంద్రాలు రెండు ఉన్నాయి, ఒకటి నాసిక్ రోడ్‌లో, మరొకటి హైదరాబాద్ గోల్కొండలో.

ఎంపీసీ చదివి, మొత్తం మీద 50 శాతం, ఒక్కో సబ్జెక్టులో 40 శాతం మార్కులు తెచ్చుకున్నవారు అగ్నివీర్ టెక్నికల్‌కు అర్హులు. పరుగులో మామూలుగా ఉండి, యంత్రాలంటే ఇష్టం ఉన్న పిల్లవాడు కమాండో కావాలని తనను తాను హింసించుకునే కంటే ఈ వైపు చూడడం తెలివైన పని. నేటి యుద్ధంలో శత్రువును ముందుగా చూస్తున్నది చాలాసార్లు డ్రోన్ తెర ముందు కూర్చున్న మనిషే. అయితే ఆర్టిలరీలో చేరిన ప్రతి ఒక్కరినీ ఈ రెజిమెంట్లకు పంపరు. ఫిరంగి దళంలో గుండ్లు మోసే పని వచ్చినా చేస్తాననే మనసు ఉండాలి.

## కోబ్రా, గ్రేహౌండ్స్: ఉద్యోగ భద్రత ముందు అనుకునేవారికి

ఇవి సైన్యం కావు, కానీ అడవిలో చేసే రెక్కీ విషయంలో ఎవరికీ తీసిపోవు. గ్రేహౌండ్స్‌ను 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తీర్చిదిద్దారు. చిన్న జట్లుగా, రోజుల తరబడి అడవిలో నడుస్తూ, గ్రామాలకు దూరంగా మకాం వేస్తూ పనిచేసే వారి పద్ధతి ఇతర రాష్ట్రాలకు నమూనా అయింది. సీఆర్పీఎఫ్‌లోని కోబ్రా 2008లో మంజూరైంది. దానికి పది బెటాలియన్లు ఉన్నాయి.

కోబ్రాకు వెళ్లాలంటే ముందు ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) జరిపే జీడీ కానిస్టేబుల్ పరీక్ష ద్వారా సీఆర్పీఎఫ్‌లో చేరాలి. పదో తరగతి చాలు, వయసు 18 నుంచి 23 ఏళ్లు. పురుషులు ఐదు కిలోమీటర్లను 24 నిమిషాల్లో పరుగెత్తాలి. 2024 నుంచి ఈ పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. గ్రేహౌండ్స్‌కు దారి ఇంటర్మీడియెట్ అర్హతతో జరిగే రాష్ట్ర కానిస్టేబుల్ నియామకం. రెండింటిలోనూ ఉద్యోగం శాశ్వతం, కేంద్ర బలగాల్లో పదవీ విరమణ వయసు 60.

ఒక్క విషయం ఆలోచించాలి. మావోయిస్టు సమస్యను ముగించడానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించి ముందుకు వెళ్లింది. అడవి పోరు తగ్గితే ఈ దళాల పని స్వరూపం మారక తప్పదు. అడవి నడకనే కోరుకుని వెళ్లేవారు ఈ మార్పును మనసులో పెట్టుకోవాలి, ఉద్యోగ భద్రత కోసం వెళ్లేవారికి దీనితో నష్టం లేదు.

ఎన్‌ఎస్‌జీ (నేషనల్ సెక్యూరిటీ గార్డ్) గురించి కూడా చాలామంది అడుగుతారు. అందులోకి కొత్తవారిని నేరుగా తీసుకోరు, సైన్యం నుంచీ కేంద్ర బలగాల నుంచీ డిప్యుటేషన్ మీద వెళతారు. లద్దాఖ్ స్కౌట్స్ వంటి దళాలు స్థానిక యువకులతోనే ఏర్పడతాయి.

## సిపాయిగానా, అధికారిగానా

పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఉండి, చదువులో బాగున్నవారు అధికారులను తయారు చేసే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాయకుండా అగ్నివీర్‌గా చేరిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. పారా ఎస్‌ఎఫ్ జట్టును నడిపించేది యువ అధికారే. అధికారికి నాలుగేళ్ల గడువు లేదు. యూపీఎస్సీ రాత పరీక్ష, ఆ తర్వాత ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ కష్టమైనవే, అయినా రెండుమూడు సార్లు ప్రయత్నించే వయసు మీకు ఉంది. డిగ్రీ అయ్యాక సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష దారి కూడా ఉంటుంది. ఎన్‌డీఏ ఇప్పుడు అమ్మాయిలకూ తెరుచుకుంది. సైన్యంలో సిపాయి స్థాయిలో మహిళా అగ్నివీరులను మిలిటరీ పోలీసు విభాగంలోకే తీసుకుంటున్నారు. నౌకాదళంలో నావికులుగా చేరవచ్చు. కాబట్టి ఈ రంగం కోరుకునే అమ్మాయిలు ముందు ఎన్‌డీఏ, నౌకాదళం వైపు చూడడం మంచిది.

## మీరు ఎవరైతే ఏది

పదో తరగతి చదువు, గట్టి కాళ్లు ఉండి, ఇంట్లో ఇంకొకరు సంపాదిస్తున్నవారికి అగ్నివీర్ జీడీ ద్వారా పదాతిదళం, అందులో ఘాతక్, ఆ తర్వాత కుదిరితే పారా ఎస్‌ఎఫ్ అన్న వరుస సరిపోతుంది. నాన్న అప్పు, చెల్లెలి పెళ్లి మీ భుజాల మీదే ఉన్నాయంటే కోబ్రా లేదా రాష్ట్ర పోలీసు దారి పట్టండి, దానివల్ల మీ దేశభక్తి తగ్గిపోదు. నీళ్లలో నిజంగా నెమ్మదిగా ఉండగలిగి, ఓడ జీవితాన్ని కూడా ప్రేమించగలిగినవారికి నౌకాదళం తగినది. ఎంపీసీ చదివి, కళ్లద్దాల వల్లనో మోకాలి బలహీనత వల్లనో కమాండో ఎంపిక మీద అనుమానం ఉన్నవారు వైద్య ప్రమాణాలు ముందుగా చదివి, ఆర్టిలరీ టెక్నికల్ గురించి ఆలోచించాలి. రంగులు గుర్తించడంలో లోపం ఉందేమో ఇప్పుడే కంటి వైద్యుడి దగ్గర చూపించుకోండి. రెండేళ్లు రోడ్డు మీద పరుగెత్తి, చివరకు మెడికల్‌లో ఆ ఒక్క కారణంతో ఇంటికి వచ్చే పిల్లల ముఖాలు చూడలేం.

## చేరేలోపు చేయవలసినది

సైనిక నియామక ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి 60 మార్కులు, పది పుల్‌అప్స్‌కు 40 మార్కులు వస్తాయి. తొమ్మిది అడుగుల గుంత దూకాలి, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ దాటాలి. ఊళ్లలోని అకాడమీలు దీనికే తయారు చేస్తాయి. రెక్కీకి అది చాలదు, నడక కావాలి. వారానికి ఒకరోజు వీపున ఐదారు కిలోల సంచితో పది కిలోమీటర్లు నడవడం మొదలుపెట్టి, నెలల మీద బరువు పెంచండి. మొదటి నడక తర్వాత సాక్సు విప్పి పాదం చూసుకోండి. మడమ దగ్గర ఎర్రబడిన చోటే రేపు బొబ్బ లేస్తుంది. బూటు లోపల ఏ కుట్టు ఒరుసుకుంటోందో వేలితో తడిమి, అక్కడ టేపు వేసి మళ్లీ నడిచి చూడండి. పాదాన్ని చూసుకోవడం రాని సైనికుడు మూడో రోజున జట్టుకు భారమవుతాడు.

అడుగులు లెక్కపెట్టడం కూడా ఇప్పుడే నేర్చుకోవచ్చు. స్కూలు గ్రౌండులో వంద మీటర్లు కొలిచి, ఎడమ కాలు ఎన్నిసార్లు పడిందో లెక్కించండి, చీకట్లో మళ్లీ లెక్కించండి, బరువుతో మళ్లీ లెక్కించండి. మూడు అంకెలూ వేరుగా వస్తాయి. రాత్రి అడవిలో ఎంత దూరం వచ్చామో తెలియడానికి పూర్వం నుంచీ సైనికులకు ఉన్న ఆధారం ఈ లెక్కే. ఆ తర్వాత దిక్సూచి, మ్యాప్ చేతపట్టండి. హిందీ మాట్లాడే అలవాటు చేసుకోండి, బ్యారక్‌లో ఆజ్ఞ అర్థం కాక వెనకబడే తెలుగు కుర్రవాళ్లు శక్తిలేక కాదు, మాట తెలియక వెనకబడతారు.

దరఖాస్తులు సైన్యం అధికారిక వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. తెలుగు జిల్లాలకు సికింద్రాబాద్, గుంటూరు, విశాఖపట్నంలలో సైనిక నియామక కార్యాలయాలు ఉన్నాయి. వయసు 17 ఏళ్ల ఆరు నెలల దగ్గర మొదలవుతుంది, గరిష్ఠ వయసును ఆ ఏటి నోటిఫికేషన్‌లో పుట్టిన తేదీలతో సహా ఇస్తారు కాబట్టి మీ పదో తరగతి మెమో పక్కన పెట్టుకుని సరిచూసుకోండి. ఆధార్‌లో, మెమోలో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా ర్యాలీ రోజు కంటే ముందే సరిచేయించుకోండి. లోపల మనిషి ఉన్నాడని, లక్షలు ఇస్తే పోస్టు వేయిస్తానని వచ్చే దళారిని గడప దగ్గరే ఆపి, నాన్నకు కూడా ఆ మాట ముందే చెప్పి ఉంచండి. పొలం అమ్మి ఇచ్చిన డబ్బుతో ఎవరూ ఐదున్నర నిమిషాల్లో పరుగు ముగించలేదు.